‘అర్జెంట్ సేల్’ – సటీకా తాత్పర్యం

అవతారిక

కాట్రేనికోన సెంటర్లో టీకొట్టు గోడ మీదా, మన ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకే గ్రంథం ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఫోన్ నంబరు మారుతుంది, బండి రంగు మారుతుంది, పాఠం మాత్రం అక్షరం మారదు. కర్త ఎవరో తెలియకపోవడమే అపౌరుషేయత్వానికి గుర్తయితే వేదం తరవాత ఆ హోదా దీనికే ఇవ్వాలి. ఇంత ప్రచారంలో ఉన్న గ్రంథానికి వ్యాఖ్య లేకపోవడం పండితలోకానికి తీరని లోటు. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టాడు గానీ పాత బండి అమ్మేవాడికి ఏమీ రాయలేదు. మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం.

మూలం

“అర్జెంట్ సేల్. హండ్రెడ్ సీసీ బండి. 2014 మోడల్. సింగిల్ హ్యాండ్. డాక్టర్ గారు వాడినది. షోరూం కండిషన్. ఇంజను గుర్రం. పేపర్లు ఆల్ క్లియర్. ఓనర్ గల్ఫ్ వెళ్తున్నందున అమ్మబడును. రేటు బండి చూశాక. టైంపాస్ గాళ్లు ఫోన్ చేయవద్దు.”

ప్రతిపదార్థం

బండి అనగా బండి. 2014 అనగా 2014. తక్కినవీ ఇలాగే సులభాలు గనక విడిచిపెట్టాం.

అనుబంధ చతుష్టయం

ఏ శాస్త్రమైనా నాలుగు సంగతులు ముందే చెప్పాలి. అధికారి: రాత్రివేళ రొయ్యల చెరువు మీదికి వెళ్లి ఏరియేటర్లు చూసుకోవలసినవాడూ, కొడుకుని అమలాపురం కాలేజీకి పంపవలసినవాడూ. విషయం: బండి. ప్రయోజనం: అమ్మేవాడి గల్ఫ్ టిక్కెట్టు. సంబంధం: డబ్బు చేతులు మారేదాకా ఉండి, ఆ తరవాత ‘స్విచ్ ఆఫ్’ అవుతుంది.

‘సింగిల్ హ్యాండ్’ అన్నది గంభీరమైన వాక్యం. చివర్న చెబుతాం.

‘డాక్టర్ గారు వాడినది’

ఇది అర్థవాదం. మీమాంసకుల లెక్కలో అర్థవాదమంటే స్తుతో నిందో. ఇక్కడిది స్తుతి. దాన్ని పట్టుకుని ఎవరూ కోర్టుకెళ్లకూడదు. డాక్టరు వాడితే బండి మెత్తగా వాడబడుతుందని ధ్వని. కానీ మన పక్క బండి మీద తిరిగే డాక్టరంటే ఆర్ఎంపీ గారు. ఆయన పొద్దున పల్లంకుర్రు, మధ్యాహ్నం చెయ్యేరు, జ్వరాల రోజుల్లో అర్ధరాత్రి కుండలేశ్వరం. గోతులనకుండా బురదనకుండా మండలమంతా తొక్కిన బండి అదొక్కటే. కాబట్టి ఈ స్తుతి నిజమైతే నిందే అవుతుంది.

‘షోరూం కండిషన్’

తార్కికుల అభావ చతుష్టయం తెలియనివాడు పాత బండి కొనరాదు. ఇంకా పుట్టనిది లేకపోవడం ప్రాగభావం. కొత్త బండి మీద గీతలు లేకపోవడం ఇటువంటిది. దానికి ఆది లేదు, అంతం మాత్రం ఉంది. ఒక్కోసారి ఆ అంతం షోరూం నుంచి ముమ్మిడివరం వచ్చేలోపే వస్తుంది. ఉండి పోయింది ప్రధ్వంసాభావం: ఎడమ అద్దం, వెనక ఇండికేటరు, టూల్ కిట్టు. దీనికి ఆది ఉంది, అంతం లేదు. పోయిన టూల్ కిట్టు తిరిగొచ్చినట్టు ఏ శ్రుతిలోనూ లేదు. మూడు కాలాల్లోనూ లేనిది అత్యంతాభావం: సర్వీసు రికార్డు. ఇది అది కాదు అనేది అన్యోన్యాభావం: బండి మీద కొట్టిన ఛాసిస్ నంబరు, సీ బుక్కులో ఉన్న నంబరు ఒకటి కాకపోవడం.

మొదటి మూడూ బేరానికి పనికొస్తాయి. నాలుగోది కనబడితే టీ కూడా తాగకుండా లేచి రావాలి. హ్యాండిల్ కింద మెడ దగ్గర గ్రీజూ దుమ్మూ గుడ్డతో తుడిచి, తెల్లకాగితం అదిమిపెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు కాగితం మీదికి లేస్తాయి. అవి సీ బుక్కుతో ఒక్కొక్కటీ సరిచూడాలి. ఇంజను నంబరుకీ అంతే.

షోరూం కండిషన్ సిద్ధాంతానికి మన మండలంలో ఇంకో ప్రతివాది ఉన్నాడు: ఉప్పుగాలి. బలుసుతిప్ప, చిర్రయానాం వైపు తిరిగిన బండికి పైన ఎంత పాలిష్ పెట్టినా సైలెన్సరు అడుగునా, మడ్‌గార్డు లోపలా, సైడ్ స్టాండు కీలు దగ్గరా తుప్పు నిజం చెప్పేస్తుంది. అమ్మేవాడు ముందురోజే సిల్వర్ పెయింటు వేయిస్తాడు. గోరుతో గీరండి. రంగు, దాని వెనకే ఇనప పెచ్చు, రెండూ కలిసి గోట్లోకి వస్తాయి.

రథ మీమాంస

‘షోరూం కండిషన్’ మీద గట్టిగా అడిగితే, “ఆయ్, అన్నీ కొత్తవి ఏయించేశామండి! టైర్లు కొత్తవి, చైన్ సెట్టు కొత్తది, కార్బ్యురేటరు కొత్తది, బోరు కూడా చేయించాం” అని జవాబు. అన్నీ కొత్తవైతే ఇది 2014 బండి ఎలా అయింది? ఈ ప్రశ్న మనవాళ్లకి రెండువేల ఏళ్ల కిందటే వచ్చింది. మిళిందపన్హంలో మిళిందుడనే యవన రాజు రథమెక్కి నాగసేన భిక్షువు దగ్గరికి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడిగాడు. రాజు అన్నిటికీ కాదన్నాడు. మరి రథమెక్కి వచ్చానంటావు, రథమేదీ అన్నాడు నాగసేనుడు. చివరికి తేలిందేమంటే, ఇవన్నీ కలిసినచోట పలికే పేరు మాత్రమే రథం. అవయవాలకు బయట వేరే రథం లేదు.

న్యాయ వైశేషికులు దీనికి ఒప్పుకోలేదు. బట్ట అనేది పోగుల కంటే వేరైన పదార్థం, దాన్ని అవయవి అంటారన్నారు. బాగానే ఉంది, మరి బట్టలోంచి ఒక్క పోగు లాగితే? అప్పుడు పాత బట్ట నశించి, మిగిలిన పోగులతో కొత్త బట్ట ఒకటి పుడుతుంది, దాని పేరు ఖండపటం అని జంకూ గొంకూ లేకుండా చెప్పారు. ఈ సిద్ధాంతంలో ఒక సుఖముంది. ప్లగ్గు మార్చిన ప్రతిసారీ పాత బండి చచ్చి కొత్త బండి పుడుతుంది. మెకానిక్కు షెడ్డు ప్రసూతి గది. అన్నేళ్లు షెడ్ల చుట్టూ తిరిగిన బండి నిన్న సాయంత్రం పుట్టిన పసిబిడ్డ. అమ్మేవాడు తెలియక ‘2014 మోడల్’ అని తగ్గించి చెప్పుకున్నాడు గానీ, వైశేషికం చదివుంటే కొత్త బండి రేటే అడిగేవాడు.

బౌద్ధులు ఇంకో అడుగు వేసి, మార్చకపోయినా ప్రతి వస్తువూ క్షణక్షణం నశిస్తుందన్నారు. అప్పుడు కొత్త బండి అనే పదార్థమే లోకంలో లేదు. షోరూంలో తాళం చెవి అందుకున్న క్షణంలోది ఒకటి, కిక్కు కొట్టిన క్షణంలోది ఇంకొకటి. ధర తరుగుదలకి ఇంత అందమైన సమర్థన ఏ ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరూ రాయలేడు. దీని మీద నైయాయికుడు ఉదయనుడు ఏమన్నాడో కూడా చూడవలసిందే గానీ, బండి చూడ్డానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

‘ఇంజను గుర్రం’

ఇది రూపకం. కానీ కవి గుర్రమన్నాక వ్యాఖ్యాత అశ్వశాస్త్రం విప్పక తప్పదు. శాలిహోత్రుడు ఈ శాస్త్రానికి ఆద్యుడు. నకులుడు విరాటుడి కొలువులో గుర్రాలనే చూసుకున్నాడు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణాల మీద కావ్యమే రాశాడు. గుర్రం వయసు అమ్మేవాడి నోటిని బట్టి తెలియదు, గుర్రం నోటిని బట్టి తెలుస్తుంది, పళ్లు చూడాలి. బండికీ పళ్లున్నాయి. వెనక చక్రం పక్కన స్ప్రాకెట్ చూడండి. కొత్తదానికి పళ్లు నిటారుగా, రెండువైపులా సమంగా ఉంటాయి. అరిగినదానికి ఒకవైపు వంగి కొక్కేలవుతాయి. మీటరు కేబులు ఊడదీసి తిరిగినవాడూ, మీటరే మార్చినవాడూ పళ్ల సంగతి మర్చిపోతాడు. స్ప్రాకెట్ కొత్తదైతే ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగండి, దానికీ ఒక కథ ఉంటుంది.

ఇంకొక పరీక్ష. బండి దగ్గరికి వెళ్లగానే బేరం ఎత్తకుండా అరచెయ్యి ఇంజనుకి దగ్గరగా పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరొచ్చే ముందే దాన్ని లేపి ఉంచారన్నమాట. చల్లబడేదాకా కూర్చుని, అప్పుడు కిక్కు కొట్టించండి. ఎన్ని కిక్కులకి లేచిందో, లేచాక సైలెన్సరులోంచి ఎంత నీలం పొగ వచ్చిందో చూడండి, ఆ పొగే తాత్పర్యం.

పూర్వపక్షం: కొత్తదే కొనుక్కోరాదా?

ఎవరైనా ఇలా ఆక్షేపించవచ్చు. నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఈ గ్రంథకర్తకి ఆ వార్త చేరలేదు కాబోలు. కొత్త బండికి 2018 సెప్టెంబరు నుంచీ అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మొదట్లోనే కట్టించుకుంటున్నారు, అదీ ఒక భరోసాయే. 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ బీఎస్ సిక్స్. చాలావాటికి కార్బ్యురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. పాత బండి తడిసి ఆగిపోతే ఊళ్లో మెకానిక్కు కార్బ్యురేటరు విప్పి నోటితో ఊది లేపేవాడు. ఇంజెక్షను బండికి సెన్సారు పోతే స్కానరు ఉన్నచోటికి మోసుకుపోవాలి.

అయితే షోరూముకీ ఒక గ్రంథముంది. గోడ మీద ఎక్స్ షోరూం ధర పెద్దక్షరాల్లో, ఆన్ రోడ్ ధర సేల్స్ కుర్రాడి కాలిక్యులేటర్లో. మధ్యలో హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక పదం కూర్చుంటుంది. దేన్ని హ్యాండిల్ చేశారో ఏ నిఘంటువూ చెప్పదు. బండితో హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. దాన్ని ‘యాక్సెసరీస్’ కింద చేర్చి డబ్బు తీసుకున్నచోట్లు మేమెరుగుదుం. కనక కొత్త బండి పక్షాన వాదించేవాడు ప్రగల్భాలకు పోనక్కర్లేదు. ఆ మాటకొస్తే ధరలో కొత్త, పాత అనే తారతమ్యం కూడా నిత్యం కాదు. లైసెన్సుల రోజుల్లో బజాజ్ చేతక్‌కి డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసేవారు. రేపే చేతికొస్తుందంటే వాడిన చేతక్‌ని కూడా కంపెనీ ధర కంటే ఎక్కువిచ్చి కొనేవారు.

‘సింగిల్ హ్యాండ్, పేపర్లు ఆల్ క్లియర్, ఓనర్ గల్ఫ్’

ఈ మూడింటికీ ఏకవాక్యత ఉంది. విడివిడిగా చదివినవాడు మోసపోతాడు.

సింగిల్ హ్యాండ్ అన్నమాట అబద్ధం కాదు. సీ బుక్కులో నిజంగా ఒక్క పేరే ఉంది. ఎందుకంటే తరవాత కొన్న ముగ్గురూ పేరు మార్పించుకోలేదు. మొదటివాడు ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉంచి సంతకాలు పెట్టిచ్చాడు. ఆ ఖాళీ కాగితాలే ‘పేపర్లు ఆల్ క్లియర్’. వాటి మీద ఏమీ లేదు గనక క్లియర్‌గానే ఉన్నాయి. బండితోపాటు ఆ కాగితాలూ చేతులు మారుతున్నాయి. గల్ఫ్‌లో ఉన్న ఓనరు కూడా అబద్ధం కాదు. కాకపోతే అతను ఇప్పుడు వెళ్లడం లేదు, ఎప్పుడో వెళ్లిపోయాడు. పేరు మార్చాలంటే ఓటీపీ అతని నంబరుకి వెళ్తుంది. ఆ నంబరు అతను కువైట్ విమానమెక్కిన నాడే ఆగిపోయింది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. తెలపకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో బండి చేతులు మారుతూ పోయింది, రికార్డులో పేరు మాత్రం మారలేదు. ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. పరిహారానికి బాధ్యత రికార్డులో పేరున్నవాడిదే అన్నారు. బండి అతని దగ్గర లేదు, తోలింది అతను కాదు; అయినా చట్టం దృష్టిలో ఓనరు అతనే. నాగసేనుడు చెప్పిందీ ఇదే కదా: చక్రం కాదు, ఇరుసు కాదు, పేరే రథం. మన మండలంలో రోజుకూలీ మనిషి ఎప్పుడో అమ్మేసిన బండికి సమన్లు అందుకుంటే అతనికి మిళిందపన్హం వినిపించి ఏం లాభం? సంతకం పెట్టేనాడు పక్కనున్న పెద్దమనిషి, “ఏం కాదురా, అందరూ ఇలాగే చేస్తారు” అన్నాడు చూశారా, కోపం ఆయన మీద రావాలి.

యానాం బండిది ఇదే రోగం, ఇంకాస్త ముదిరింది. ఎదురులంక దగ్గర బాలయోగి వారధి దాటితే పుదుచ్చేరి. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడి, ఇప్పుడు పీవై 04 నంబరు ప్లేటు. పన్ను తక్కువని అక్కడి రిజిస్ట్రేషన్ బండి చవగ్గా వస్తుంది. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. దానికి అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కావాలి. అవన్నీ కలిపితే ఆ చవక ఎటుపోయిందో కనపడదు. వెనకటికి ఏపీ 05 చూస్తే తూర్పుగోదావరి బండని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ప్లేటుని చూసి జిల్లా పోల్చే వీలూ పోయింది. ఇక చూడవలసింది సీ బుక్కే. థాయిలాండ్‌లో మోటారుసైకిల్ సీ బుక్కు పచ్చ అట్టతో ఉంటుంది. అక్కడికి వలసపోయిన విదేశీయులు పాత బండి కొనేముందు, ఇంజను చూడకముందే ‘పచ్చ పుస్తకం చూపించు’ అంటారు. భాష రానివాడికి ఉన్న ఈ బుద్ధి, పుట్టి పెరిగిన ఊళ్లో మనకి లేదు.

‘టైంపాస్ గాళ్లు ఫోన్ చేయవద్దు’

గ్రంథంలో ఏకైక నిషేధ విధి. టైంపాస్ గాడు ఎవరని లక్షణం చెప్పలేదు. ప్రయోగాన్ని బట్టి ఊహించాలి. మైలేజీ అడిగినవాడికి ఓపిగ్గా జవాబు వస్తుంది. రేటు తగ్గించమన్నవాడికీ వస్తుంది. “సీ బుక్కు ఎవరి పేర్న ఉందండీ? ఆయన అమలాపురం ఆర్టీవో ఆఫీసుకి వస్తారా?” అని అడిగినవాడికి మాత్రం ఫోన్ కట్టవుతుంది. కాబట్టి పేరు గురించి అడిగినవాడే టైంపాస్ గాడు అని లక్షణ సమన్వయం.

పాఠపరిష్కరణ

పై కారణాలచేత మూలాన్ని ఇలా సవరించడమైనది: “బండి పాతది. ఫలానా ఫలానా పోయాయి. సీ బుక్కు నా పేరనే ఉంది, ఫైనాన్సు తీరిపోయింది. మీరు ఏ రోజంటే ఆ రోజు అమలాపురం వచ్చి పేరు మార్పిస్తాను, మిగిలిన డబ్బు అక్కడే ఇవ్వండి.” ఈ పాఠం ఇంతవరకు మాకు ఏ ప్రతిలోనూ దొరకలేదు. దొరికినవారు తెలియజేస్తే బండి ఏ రంగుదైనా కొంటాం, రేటు కూడా పెద్దగా బేరమాడం.