ఆక్షన్ అన్న

జనగామ స్టేషన్ రోడ్డులో చాయ్ హోటల్ ముందు ఒకడు, మానుకోట మిర్చి యార్డులో బస్తా మీద కూచుని ఒకడు, భూపాలపల్లిలో బాయి దిగొచ్చి బస్సు కోసం నిలబడి ఒకడు. ముగ్గురికీ చుట్టరికం లేదు, ముఖపరిచయం లేదు. అయినా ముగ్గురూ ఒక్కడే. ఊరు ఏదైనా జనం పిలిచే పేరూ ఒక్కటే: ఆక్షన్ అన్న.

క్రికెట్ పిచ్చివాడని పొరబడకండి. ఆట ఆయనకు అంతగా పట్టదు. మార్చిలో ఐపీఎల్ మొదలై ఊరంతా టీవీల ముందు చేరేసరికి ఆయన పని అయిపోయి ఉంటుంది. ఫైనల్ నాడు అన్నం తిని పెందలాడే పడుకుంటాడు. ఆయన సీజన్ వడ్లు కోతకొచ్చే రోజుల్లో మొదలవుతుంది. ఎవరిని ఉంచుకున్నారు, ఎవరిని వదిలారు, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకున్నారు, ఎవరిని ఎంతకు పాడారు: ఇదీ ఆయన ఆట. ఆయన పంచాంగంలో కార్తెలు నాలుగే. రిటెన్షన్, ట్రేడ్, మినీ ఆక్షన్, పుష్కరాల ఆర్భాటంతో వచ్చే మెగా ఆక్షన్.

మనిషిని గుర్తుపట్టడం తేలిక. ఒంటి మీద సన్‌రైజర్స్ ఆరెంజ్ జెర్సీ ఉంటుంది, అదీ తిరగేసి. వెనకాల వార్నర్ పేరూ 31 నంబరూ ఉన్నాయి మరి. 2016లో కప్పు తెచ్చిపెట్టిన వార్నర్‌ను 2021లో సీజన్ నడుమ కెప్టెన్సీ నుంచి దించినప్పటి నుంచి ఆయన నిరసన ఇది. కొత్త జెర్సీ కొనొచ్చు కదా అంటే, ‘పర్సుల పైసలు లేవు’ అంటాడు. చేతిలో చిట్‌ఫండ్ కంపెనీ వాళ్లు పంచిన డైరీ. అందులో పది జట్లకు పది పేజీలు, ప్రతి పేజీలో మిగిలిన సొమ్ము, ఖాళీ సీట్లు, విదేశీ సీట్లు. చిట్టి కిస్తీలకు అందులో పేజీ లేదు.

సన్‌రైజర్స్‌ను ఆయన ‘వాళ్లు’ అనడు. ‘కమిన్స్‌ను ఇరువై కోట్ల యాభై లక్షలకు కొన్నం’ అని 2023 డిసెంబరులో ఆయన ప్రకటించిన తీరు చూసి, సంతకం పెట్టొచ్చాడేమోనని చాయ్ హోటల్ సేటు రెండు సమోసాలు అదనంగా పెట్టాడు. లేచేటప్పుడు అన్న చెప్పిన మాట: ‘రాసుకో.’ జట్టు స్థితిగతులు ఆయన ఒక్క ముక్కలో చెబుతాడు. ‘ఓనర్లు చెన్నైల, గ్రౌండు ఉప్పల్‌ల, కెప్టెను సిడ్నీల, అకల్ జెప్పెటోడు జనగాంల. అందరం ఒక్కతాన కూసుంటెనే గద టీము అయ్యేది!’

ముగ్గురూ ఒక్కడే అన్నాను గానీ, ఊరి నీళ్ల తేడా కొంత ఉంటుంది.

జనగామ ఆక్షన్ అన్న రైలు మనిషి. పొద్దున సికింద్రాబాద్ బండి ఎక్కి కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఆలేరు దాటేలోపు రిటెన్షన్ ముగిస్తాడు. భువనగిరికి బ్యాటర్లు పూర్తి. ఘట్‌కేసర్‌కు బౌలర్లు. మౌలాలి వచ్చేసరికి పర్సు ఖాళీ, జట్టులో కీపర్ లేడు. సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద బేస్ ప్రైసుకు ఎవరో ఒకరిని తీసుకుని, చెమట తుడుచుకుంటూ దిగుతాడు. ఆఫీసుకు చేరేసరికి మనిషిలో సత్తువ ఉండదు. సాయంత్రం తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి గదా.

మానుకోట అన్న మిర్చి కండ్లతో చూస్తాడు. కాయను విరిచి, గింజ చూసి, తేమ పట్టుకున్న అలవాటు. 2022 డిసెంబరులో హ్యారీ బ్రూక్‌ను 13 కోట్ల 25 లక్షలకు పాడినప్పుడు యార్డంతా వినేట్టు ‘తేజ రకం’ అన్నాడు. బ్రూక్ ఈడెన్ గార్డెన్స్‌లో ఒక సెంచరీ కొట్టి, మొత్తం 11 మ్యాచుల్లో 190 పరుగులతో ఊరుకున్నాడు. ‘తాలు కలిపిండ్రు’ అని అన్న తీర్పు మార్చాడు.

అయితే వేలం లోగుట్టు ముగ్గురిలోనూ ఎక్కువ తెలిసినవాడు ఈయనే. ‘జెండా పాట తెల్వదానయా? పొద్దుగాల్నే ఒక్క మంచి కుప్పకు పెద్ద ధర పాడుతరు. పేపర్ల అదే అస్తది. ఎనుకున్న బస్తాలన్ని గంతల సగానికి పోతయ్. స్టార్క్‌కు కలకత్తోళ్లు పెట్టిన 24 కోట్ల 75 లక్షలు జెండా పాట. అదే రోజు మన సిరిసిల్ల దిక్కు పోరడు అవనీశ్ రావును చెన్నైయోళ్లు ఎంతకు తీస్కున్నరు? ఇరువై లక్షలకు. పేపర్ల ఎవలిది అచ్చింది, జెర చెప్పు?’ ఈ మాటకు యార్డులో ఎవరూ నవ్వరు. అందరూ బస్తాలు తెచ్చుకున్నవాళ్లే.

భూపాలపల్లి అన్న సింగరేణి కార్మికుడు. ఆయనకు ప్రపంచమంతా సర్వీస్ రూల్సే. ముప్పై అయిదేండ్ల ఫాస్ట్ బౌలర్ పేరు వేలంలోకి వస్తే, ‘ముందుగాల మెడికల్ బోర్డుకు పంపుండ్రి, అన్‌ఫిట్ అయితే ఇంట్ల ఒగలకు నౌకరి ఇయ్యుండ్రి’ అంటాడు. 2025 నవంబరులో సంజూ సామ్సన్ చెన్నైకి, జడేజా రాజస్థాన్‌కు మారిన రోజు ఆయనకు నైట్ షిఫ్టులో కూడా మనసు నిలవలేదు. ‘ఇద్దరు మారితె మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్. మంచిదే. మరి నడుమ సామ్ కరన్ ఎందుకు పోయిండు? ఒక్కనికి ఇద్దరు ఏ రూల్ల ఉన్నది? పైగా జడేజా జీతం పద్దెనిమిది కోట్ల నుంచి పద్నాలుగుకు దిగింది. ట్రాన్స్‌ఫరయితె బేసిక్ తగ్గుతదా ఎక్కడన్న? యూనియన్ లేకపోతె గిట్లనే ఉంటది!’ ఆటగాళ్లకు యూనియన్ పెట్టించి గుర్తింపు ఎన్నికలు జరిపించాలన్నది ఆయన ప్రధాన డిమాండు.

ఊరు ఏదైనా, డైరీ చివర ఒక పేజీ మాత్రం ముగ్గురిదీ ఒకటే. దాని పేరు ‘నష్టాల ఖాతా’. మొదటి పద్దు 2008. డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొనుక్కొచ్చి, 14 మ్యాచుల్లో 2 గెలిచి అడుగున పడింది. మరుసటేడు గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఆ జట్టే కప్పు కొట్టింది గదా అంటే, ‘అది ఆట. నేను మాట్లాడేది ఆక్షన్ సంగతి’ అని నోరు మూయిస్తాడు. రెండో పద్దు రోహిత్ శర్మ. మూడు సీజన్లు మన దగ్గర ఉన్న మనిషి 2011 వేలంలో ముంబైకి పోయి, కెప్టెన్‌గా అయిదు కప్పులు ఎత్తాడు. మూడోది రషీద్ ఖాన్. నాలుగోది సిరాజ్: 2017లో 2 కోట్ల 60 లక్షలకు తెచ్చుకున్న మన హైదరాబాద్ పోరడు మరుసటేడే బెంగళూరు పాలయ్యాడు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ బట్టలు వేసుకుని ఉప్పల్‌కే వచ్చి, మన మీదనే 17 పరుగులకు 4 వికెట్లు తీసిపోయాడు. ఆ రాత్రి అన్న అన్నం ముట్టలేదు. అయిదోది భువనేశ్వర్: పదకొండు సీజన్లు మనతో ఉండి, బెంగళూరు పోయిన మొదటి ఏడే కప్పు పట్టుకున్నాడు.

లాభాల ఖాతా కూడా ఉందిగానీ, అందులో అన్నీ ఆయన ముందే చెప్పినవే. ట్రావిస్ హెడ్‌ను 6 కోట్ల 80 లక్షలకు పాడిన రోజు ‘దండుగ’ అన్నవాడే, 2024లో హెడ్ 567 పరుగులు చేశాక ‘నేను చెప్పలే?’ అన్నాడు. ఆ ఏడు బెంగళూరు మీద మనవాళ్లు 287 కొట్టిన రాత్రి మూడు ఊళ్లలోనూ అన్నకు చాయ్‌లు ఉచితం. చెపాక్ ఫైనల్‌లో 113కే ఆలౌటైన రాత్రి మాత్రం ఫోన్ స్విచ్చాఫ్.

చలికాలంలో కబడ్డీకీ కాస్త సమయం ఇస్తాడు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడి, అట్టడుగున నిలిచింది. ‘అయిదు కోట్ల పర్సుల సగం ఒక్కనికే వెడ్తె, మిగిలిన ఆర్గురు ఏం దిని కూతకు పోవాలె?’ అన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు. వినాయక చవితి వస్తే బాలాపూర్ లడ్డు మీద మాట్లాడతాడు. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డు 2025లో 35 లక్షలు పలికింది. ‘లడ్డు నయమయా. దానికి మోకాలు నొప్పి రాదు, దేశానికి ఆడేది ఉన్నదని నడుమల లేసిపోదు.’

డల్లాస్‌లో ఉండే మేనల్లుడు ఒకసారి ఫోన్‌లో బేస్‌బాల్ సంగతి చెప్పాడు. ‘మామా, ఇక్కడ కూడా చలికాలమంతా ఇదే ముచ్చట. ఒహ్తాని అని జపానాయన, లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌తో 2023 డిసెంబరులో పదేండ్లకు 70 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నడు.’

అన్న డైరీ తీశాడు. ‘పాడింది ఎవలెవలు?’

‘పాట ఉండదు మామా. ఏజెంటు, టీము కూసొని మాట్లాడుకుంటరు.’

‘పాట లేకుండ ధర ఎట్ల దెలుస్తది? సరే, పైసలు ఒక్కసారే ఇచ్చిండ్రా?’

‘లేదు. ఆడే పదేండ్లు ఏటా 20 లక్షల డాలర్లే. మిగిలిన 68 కోట్లు 2034 నుంచి ఇంకో పదేండ్లల్ల.’

కాసేపు అవతల ఫోన్ తెగిందేమో అనుకున్నాడు మేనల్లుడు. ‘అంటే ఉద్దెర!’ అన్నాడు అన్న చివరికి. ‘అరవై ఎనిమిది కోట్ల డాలర్లు ఉద్దెర! సేటు మీద గంత నమ్మకమా? మా హోటలాయనకు జెర ఈ ముచ్చట చెప్పు బిడ్డా.’

ఇంత ఘనుణ్ని నిరుత్తరుణ్ని చేసింది ఇంట్లో తొమ్మిదో తరగతి బిడ్డ ఒక్కతే. కడప జిల్లా శ్రీ చరణిని ఢిల్లీ మొదట 55 లక్షలకు తీసుకుని, 2025 మహిళా ప్రపంచకప్ తర్వాత 1 కోటి 30 లక్షలకు మళ్లీ పాడుకుందని అన్న ఉత్సాహంగా చెబుతుంటే, ‘మరి హైదరాబాద్‌కు ఆడోళ్ల టీమే లేదెందుకు బాపూ?’ అంది. డైరీలో ఆ పేజీ లేదు.

ఇక అసలు వేలాల్లో అన్న సంగతి చూడాలి. ఊళ్లో ఉన్న రెండెకరాల పత్తి. యాప్‌లో స్లాట్ బుక్ చేసి, ట్రాలీ మాట్లాడి, సీసీఐ కేంద్రానికి పోయాడు. అప్పటి (2025-26) మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే తీసుకోరు. మీటరు పెట్టినాయన ‘13’ అన్నాడు. కమిన్స్ ఎకానమీ రేటు మీద గంట వాదించగలిగిన నోరు లేవలేదు. ఇంకోసారి చూడుమని కూడా అడగలేదు. బయట ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంతకు తల ఊపి, తూకం అయ్యేదాకా ఫోన్‌లో ట్రేడ్ వార్తలు చూస్తూ నిలబడ్డాడు. చిట్టి పాటలోనూ అంతే. అవతలివాడు దగ్గితే పోటీ పాట అనుకుని, ఒక్క దెబ్బకు ఆఖరు తగ్గింపుకు దిగి చిట్టి ఎత్తుకొస్తాడు. వదిన తలుపు దగ్గరే లెక్క చూసి అంటుంది: ‘పక్కోని కోట్లకు పది రూపాల తేడ రానియ్యవు. మనయి మూడు వేలు పోతుంటె అడుగవైతివి.’

అన్న దగ్గర జవాబు ఉంది. ‘నీకు ఆక్షన్ తెల్వదే. కొనేటోని పర్సు చూసి పాడాలె. అమ్మెటోనికి ఏం చాయిస్ ఉంటది?’

ఆయన రహస్యమంతా ఆ మాటలోనే బయటపడింది. జీవితంలో ఎప్పుడూ ఆయన అమ్మేవైపే ఉన్నాడు. పత్తికి, మిర్చికి, చాకిరికి ధర చెప్పేది ఎప్పుడూ అవతలి మనిషే. ఏడాదికి ఒకటి రెండు రోజులు, జెడ్డాలోనో అబుదాబిలోనో బల్ల చుట్టూ కూచున్న వాళ్లతో పాటు ఆయన కూడా కొనేవైపు కూచుంటాడు. నచ్చితే చెయ్యి ఎత్తుతాడు, నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒకటి రెండు రోజుల దర్జా కోసం మిగిలిన ఏడాదంతా హోంవర్కు చేస్తాడు.

కాబట్టి డిసెంబరులో ఈ మూడు ఊళ్ల వైపు పోతే ఆయన్ను తప్పక కలవండి. స్కోరు అడగకండి, చిన్నబుచ్చుకుంటాడు. పర్సు ఎంత మిగిలిందో అడగండి, చాయ్ చెబుతాడు. ఆ చాయ్ డబ్బులు మీరే ఇచ్చేయండి. పత్తి అమ్మడానికి పోతే ఆయనకు తోడుగా పొండి. చిట్టి పాటకు మాత్రం, ఎంత బతిమిలాడినా, ఆయన్ను మీ తరఫున పంపకండి.