చిత్తలో పడితే మూలలో

ఇటిక్యాలలో బర్రె ఎప్పుడు ఈనుతుందో చెప్పేవాళ్లు ఇంటికొకరున్నారు. కుక్క ఎప్పుడు ఈనుతుందో చెప్పేది మాత్రం లెక్కల మామ ఒక్కడే. ఇది ఆయన పేరు కాదు, హోదా. నడిగడ్డలో ఏ ఊరికి పోయినా ఇలాంటి మామ ఒకడు తగులుతాడు. చెవి మీద పెన్సిలు ముక్క, భుజాన తువ్వాల. హోటలు గోడకు వేలాడే విత్తనాల కంపెనీ క్యాలెండరే ఆయన దస్తరం. అందులో హోటలాయన రాసుకున్న బాకీల కంటే మామ చుట్టిన సున్నాలే ఎక్కువ.

"మేకకు ఐదు నెలలు. ఆవుకు తొమ్మిది నెలల పది రోజులు. బర్రెకు పది నెలలు. పందికి మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు." ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుపోతాడు. కుక్క దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుంటాడు. "అరవై మూడు. బీచుపల్లి ఆంజనేయసామి మీద ఒట్టు, ఒక్క రోజు అటు గాదు, ఒక్క రోజు ఇటు గాదు."

అటూ ఇటూ అయినప్పుడు చెప్పడానికి కూడా మాటలు సిద్ధంగా ఉంటాయి. ముందే ఈనితే "తొలిచూలు గదా, తొందర". ఆలస్యమైతే "వానకు ఆగింది". అసలు ఈనకపోతే "ఉత్త కడుపు, నేను ముందే అనుకున్న". ఈ మూడోది నిజంగానే ఉంది. కడుపు నిలవని కుక్కకు కూడా పొదుగు దిగి పాలు పడటం పశువుల డాక్టర్లకు కొత్త కాదు. గుడ్డిగా వేసిన రాయి మామకు ఒకటైనా తగిలింది.

మొన్నటి అక్టోబరు 15న హోటలు దగ్గరుండే నల్లకుక్క వ్యవహారం మామ కంటబడింది. చిత్తకార్తె నడుస్తోంది. ఆ కార్తెకూ కుక్కకూ ఉన్న సంబంధం తెలుగువాళ్లకు ఒకరు చెప్పేది కాదు. మామ వెంటనే వేళ్లు ముడిచాడు. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ. కార్తెకు పదమూడు పద్నాలుగు రోజుల లెక్కన చెయ్యి నిండిపోయింది. రెండో చేతి బొటనవేలు లేపి "ఆరోది మూల" అన్నాడు. "చిత్తలో పడ్డది మూలలో ఈనాలె. రాసుకో అల్లుడా, డిసెంబరు 17."

రాసుకోవడం నా వంతు, సున్నా చుట్టడం ఆయన వంతు.

మామ ధీమా వెనక ఈ గడ్డ మీది సీడు పత్తి ఉంది. మా దగ్గర సాయంత్రం ఆడ మొగ్గల్లోంచి పుప్పొడి భాగాన్ని గోటితో తీసేస్తారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒక్కోదానికీ అద్దుతారు. దాన్ని క్రాసింగ్ అంటారు. అద్దిన పొద్దు తెలిస్తే కాయ వయసు తెలిసినట్టే. కుక్కకూ అదే మాట వాడతారు కాబట్టి లెక్క కూడా అదేననుకున్నాడు మామ.

పశువుల డాక్టరు నాకు చెప్పింది వేరు. కుక్క కలిసిన రోజు వేరు, కడుపు పడ్డ రోజు వేరు. విడుదలైన అండం పక్వానికి రావడానికి రెండు రోజులు పడుతుంది. మగకుక్క బీజం లోపల వారం దాకా బతికి కాచుకుని ఉంటుంది. పైగా ఆడకుక్క వరసగా కొన్ని రోజులు కలుస్తుంది. అండం విడుదలైన రోజు నుంచైతే అరవై మూడు సరిగ్గానే వస్తుంది. మనం చూసిన రోజు నుంచి లెక్కేస్తే యాభై ఏడు కావచ్చు, డెబ్బై రెండు కూడా కావచ్చు. మామ చేసిన కూడికలో తప్పులేదు. తప్పంతా ఒకటి అని మొదలుపెట్టిన చోట ఉంది. ఆయన చూసిందే మొదటి రోజని కుక్క ఆయనకు చెప్పలేదు కదా.

"నలభై అయిదు రోజులు దాటినంక ఎక్స్‌రే తీస్తే పిల్లల ఎముకలు కనపడతాయంట మామా. గద్వాల తీస్కపోదామా?"

"తీస్కపో. ఆడదే గదా, ఆధార్ కార్డుంటే బస్సుల టికెట్ గూడ లేదు."

"పోనీ, థర్మామీటరు పెడదాం. మామూలుగా నూట ఒకటి, నూట రెండు ఉండే ఒళ్లు ఈనే ముందర తొంభై తొమ్మిది కిందికి దిగుతదంట. ఇరవై నాలుగ్గంటల్ల పని అయితదంట."

మామకు ఇది నచ్చింది. థర్మామీటరు చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టాలో చెప్పాను. కుక్క వైపు ఒకసారి, కుక్క పళ్ల వైపు ఒకసారి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. "లెక్క ఉండంగ ఇదంత ఎందుకు?"

డిసెంబరు 12 పొద్దుగూకే వేళ నల్లది బన్ను ముట్టలేదు. రొప్పుకుంటూ హోటలు వెనక నేల గీకింది. మామ వేపచెట్టు కింద గోనెసంచి పరిచి "అయిదు దినాలుంది, అప్పుడే ఏం తొందర?" అని దాన్ని మందలించి ఇంటికి పోయాడు.

తెల్లారి చూస్తే ఆరు పిల్లలు. గోనెసంచి వేపచెట్టు కిందే మంచుకు తడిసి ఉంది.

హోటలు దగ్గర జనం మామ కోసం కాచుకున్నారు. "మామా, యాభై తొమ్మిదికే ఈనింది. జ్యేష్ఠ ఇంక ఎల్లనే లేదు!"

మామ మాట్లాడలేదు. వంగి పొయ్యి వెనక్కి చూశాడు. కట్టెల మోపుకూ గోడకూ నడుమ, చీకటి సందులో నల్లది పిల్లల్ని నాకుతోంది. నిదానంగా నడుము లేపి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"యాడ ఈనింది?"

"ఆ మూలకు."

"మరి నేనేమన్న?"