జంక్షన్ బాక్సు బాబాయి

ప్రతి వీధిలోనూ ఒక జంక్షన్ బాక్సు బాబాయి ఉంటాడు. మా వీధిలో ఆ పదవి సాక్షాత్తూ మా బాబాయిదే. అరవై వేలు పోసి కంప్యూటరు, ఇరవై వేలు పోసి లేజర్ ప్రింటరు కొన్నాడు. రెండింటినీ తెచ్చి, ఫుట్‌పాత్ మీద గంటసేపు బేరమాడి నూట ఇరవైకి కొన్న జంక్షన్ బాక్సుకి తగిలించాడు.

వాట్లూ ఆంపియర్లూ బాబాయి లెక్కలోకి రావు. ఆరు పాయింట్లుంటే ఆరు సామాన్లు పెట్టొచ్చు, అంతే. 230 వోల్టుల మీద 6 ఆంపియర్ల ప్లగ్గు మోసేది మొత్తం 1380 వాట్లే అంటే, "మరి ఆరు పాయింట్లు ఎందుకిచ్చాడంటావ్?" అని నిలదీస్తాడు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె కూడా అందులోనే. ప్రింటరు తన లోపలి రోలరుని వేడెక్కించినప్పుడల్లా గదిలో లైటు ఒక్కసారి డల్ అవుతుంది. "చూశావా దాని పవరు!" అని మురిసిపోతాడు. ఎంసీబీ పడిపోతే మాత్రం తప్పు ఎంసీబీదే. 6 ఆంపియర్లది పీకించి 32 పెట్టించాడు. దొంగొస్తే అరుస్తోందని కుక్కని తరిమేసినట్టు!

యూపీఎస్ కొన్న రోజున ప్రింటరుని కూడా దానికే కలిపాడు. ఆ 600 వీఏ పెట్టె మోయగలిగింది 360 వాట్లు. రోలరు వేడెక్కడానికి అడిగేది అంతకు రెట్టింపు పైమాటే. యూపీఎస్ కుయ్యోమని అరిచి పడుకుంది. దాంతోపాటు కంప్యూటరూ ఆరిపోయింది. బాబాయి ప్రింటరుని పల్లెత్తు మాటనలేదు. యూపీఎస్ చంకన పెట్టుకుని షాపువాడి మీదికి వెళ్లాడు.

ఇక ప్లగ్గుకి మూడో కాలు ఆయన దృష్టిలో అలంకారం. రెండు కాళ్ల ఛార్జరు సాకెట్లోకి దూరకపోతే పై కన్నంలో పెన్ను మూత గుచ్చుతాడు. లోపలి షట్టరు తెరుచుకోగానే ఛార్జరు దూర్చేసి, "ఆ కన్నం ఇచ్చింది ఇందుకేరా" అని నాకు పాఠం చెబుతాడు.

ఆ మూడో కాలికి దారి లేకపోతే, కంప్యూటరు లోపలి ఫిల్టర్ల నుంచి లీకయ్యే కాస్త కరెంటు ఇనప క్యాబినెట్ మీదే తచ్చాడుతుంది. ముట్టుకుంటే చిమచిమ. అందుకే గడప లోపల చెప్పులు కనిపిస్తే ఇల్లు ఎగరగొట్టే మా పిన్ని, కంప్యూటరు బల్ల కింద మాత్రం ఒక జత హవాయి చెప్పులు స్వయంగా పెట్టింది. చుట్టాలొచ్చినా, "ముందు చెప్పులేసుకో నాయనా, తర్వాత మెయిల్ చూసుకుందువు" అంటుంది.

ఓ సాయంత్రం కాలిన వాసన రావడంతో పిన్ని ఎలక్ట్రీషియన్ని పిలిపించింది.

"సార్, మీ బోర్డులో ఎర్తు వైరు బిగించనే లేదు."

"ఎర్తు గుంట కిందుంది కదయ్యా. అది కింది వాటా వాళ్లకి. మనది మూడో అంతస్తు!"

అతను వాదించలేదు. వేలాడుతున్న పచ్చ వైరు బిగించాడు. పాత ఎంసీబీ తెప్పించి పెట్టాడు. ప్రింటరుకి విడిగా 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఇచ్చి, యూపీఎస్ మీద కంప్యూటరుని, మోడెమ్‌ని మాత్రమే ఉంచాడు. జంక్షన్ బాక్సుని చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకున్నాడు.

బాబాయి చెప్పులు విడిచి, క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. మొహం ముడుచుకుంది.

"ఏమయ్యా, అసలు కరెంటు వస్తోందా? చేతికేం తెలియట్లేదే!"