అరికాలి మంట

మొన్న దసరా ముందు బెంగుళూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు నాకు ఫోన్ చేసేది రెండే సందర్భాల్లో. పచ్చడి అయిపోయినప్పుడు, వాళ్ళమ్మ పెళ్ళి సంబంధం తెచ్చినప్పుడు. ఈసారి రెండూ కావు.

"మావయ్యా, కాళ్ళతో ఆడే గ్రూప్ గేములు ఏమన్నా తెలుసా నీకు?"

"కాళ్ళతో ఆడనివి ఏమున్నాయిరా? మనమేమన్నా చేతుల్తో పరిగెడతామా?"

"అట్టా కాదు మావయ్యా. ఆఫీసులో టీం ఔటింగ్ పెట్టారు. ముప్ఫై మందిమి. పొద్దస్తమానం కుర్చీల్లోనే ఉంటాం కదా, ఈసారి అందరి కాళ్ళూ కదలాలంది మా హెచ్చార్ మేడం. కాలివేళ్ళతో గోళీలు ఏరి గిన్నెలో వేసే ఆటొకటి అనుకున్నారు. నాకు నచ్చలా. మనూళ్ళో మీరేం ఆడేవాళ్ళు?"

ఈ మాట అడగడానికి వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది. చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. ఫోన్ వాడే చేశాడు కాబట్టి నాకేం నష్టం లేదు.

మాది పర్చూరు పక్కన ఓ పల్లె. 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిపారు. రెండేళ్ళకు ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో చూసుకుంటే బాపట్ల జిల్లాలో ఉన్నాం. అడుగు తీసి అడుగు వెయ్యకుండానే మూడు జిల్లాలు తిరిగిన ఊరది. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లలకి కాలు ఒకచోట నిలుస్తుందా?

నిలిపే ఆట ఒకటుంది. కాళ్ళాగజ్జి. కరెంటు పోయిన రాత్రి పిల్లలందరం అరుగు మీద వరసగా కూర్చుని కాళ్ళు బారజాపేవాళ్ళం. ఒకరు పాట చదువుతూ మాటకో కాలు చొప్పున తట్టుకుంటూ పోతారు. పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్ళు ఆ కాలు మడుచుకోవాలి. చిట్టచివరికి ఎవరి కాలు చాపి ఉంటే వాళ్ళు దొంగ. ఆ పాట నిండా గజ్జికి మందులే ఉన్నాయని, మన పూర్వీకుల వైద్యమంతా అందులోనే దాచారని నెలకోసారి నాకు వాట్సాప్‌లో వస్తూ ఉంటుంది. ఉంటే ఉండొచ్చు. మా వరసలో నిజంగా గజ్జి ఉన్న పిల్లాడు ఏడాది పొడుగునా ఆ పాట విన్నాడు గాని వాడికేమీ తగ్గలేదు.

లాంతరు వెలుగులో పద్నాలుగు కాళ్ళు బారులు తీరి కనపడితే మా నాయనమ్మకు పండగ. మడమల దాకా నల్లమట్టి ఎండి ఉంటే వాడు చేలో అల్లరి చేసి వచ్చినట్టు. వేళ్ళ సందుల్లో పాచి ఉంటే చెరువు. మడమ పగుళ్ళలో రోడ్డు మీది ఎర్ర గ్రావెల్ దుమ్ము ఉంటే మాత్రం వాడు పర్చూరు పోయి సినిమా చూసొచ్చాడన్నమాట. డబ్బులెక్కడివని అడిగేది. దొంగెవరో ఆట తేల్చేలోపల ఆమె తేల్చేసేది.

ఆటలో మాత్రం దొంగ ఎప్పుడూ నేనే. మా పెద్దమ్మ కూతురు ఒక్కసారి కూడా కాలేదు. ఈ సంగతి చెప్పగానే మేనల్లుడు ఎగిరిపడ్డాడు.

"మావయ్యా, ఇది జోసెఫస్ ప్రాబ్లం! ఇంటర్వ్యూల్లో అడుగుతారు!"

మొదటి శతాబ్దంలో జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడు ఉన్నాడట. రోమన్ల చేతికి చిక్కకూడదని నలభై మంది తోటివాళ్ళతో ఒక గుహలో దాక్కున్నాడట. లొంగిపోయేకంటే వరసపెట్టి చావడం మేలని వాళ్ళు తీర్మానిస్తే, లెక్క ప్రకారం అందరూ పోయి చివర మిగిలినవాళ్ళలో ఈయన ఉన్నాడట. ఎంతమందిలో ఎక్కడ నిలబడితే మిగులుతామో చెప్పడానికి ఇప్పుడో సూత్రం ఉందట. మా అక్క ఆరో తరగతితో బడి మానేసింది. ఆమెకి ఏ సూత్రమూ తెలియదు. పాట మొదలెట్టే ముందు వరస మీద ఓసారి చూపు తిప్పేది, దాహమేస్తోందని లేచి లోపలికి పోయేది, తిరిగొచ్చి ఇంకోచోట ఇరుక్కుని కూర్చునేది. అంతే. ఆ లెక్క చెయ్యలేకే ఒక పెద్ద కంపెనీ ఉద్యోగం పోగొట్టుకున్నానని మావాడు అప్పుడు బయటపెట్టాడు. వాళ్ళమ్మకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు, రాస్తున్నాను.

తొక్కుడుబిళ్ళ ఆడపిల్లల ఆట అంటారు. అలా అనేవాళ్ళు నల్లరేగడి మీద ఆడి ఎరగరు. ఓటికుండ పెంకు అంచులు అరగదీస్తే బిళ్ళ. పుల్లతో నేల మీద గీస్తే గళ్ళు. బిళ్ళను గడిలో వేసి ఒంటికాలి మీద కుంటుతూ, ఆ కాలితోనే గడి నుంచి గడికి తన్నుకుంటూ పోవాలి. కాలు గీత తొక్కినా, బిళ్ళ గీత మీద ఆగినా పోయినట్టే. సిమెంటు గచ్చు మీదైతే ఎవరైనా ఆడతారు. మా రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుపోయి నెర్రెలిస్తుంది. మే నెలలో ఆ నెర్రెల్లోకి నా చెయ్యి మోచేతి దాకా పోయేది. నాలుగో గడిలో వేసిన బిళ్ళ నెర్రెలో పడి మాయమైతే అది ఔటా కాదా? దాని మీద మా ఊళ్ళో ఇప్పటిదాకా తీర్పు రాలేదు. ఐదారుగురం బోర్లా పడుకుని కందికంపతో కెలికేవాళ్ళం. బిళ్ళ ఇంకా లోపలికి పోయేది. ఆ వీధి అడుగున మా తరం బిళ్ళలు తక్కువలో తక్కువ ఓ తట్టెడు ఉంటాయి. ఇంకో వెయ్యేళ్ళకు తవ్వకాల్లో బయటపడితే అక్కడేదో స్తూపం ఉండేదంటారు. అమరావతీ భట్టిప్రోలూ ఉన్న ప్రాంతం కదా, ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది.

ఈ ఆట చాలా దేశాల్లో ఉంది. ఫ్రెంచి పిల్లలు మారెల్ అంటారు. వాళ్ళ గీతల్లో మొదలు భూమి, చివర స్వర్గం. అక్కడి పిల్లలు కుంటుకుంటూ స్వర్గానికి పోతారు. మావాళ్ళు అంత దూరం పోరు. అన్ని గళ్ళూ గెలిచినవాళ్ళు ఒక గడికి గుర్తు పెట్టి అది తమ ఇల్లంటారు. తామైతే అందులో రెండు కాళ్ళూ దించి తీరుబడిగా నిలబడతారు, మిగతావాళ్ళు దాన్ని తొక్కకుండా అవతలికి గెంతాలి. స్వర్గం ఎవరిక్కావాలి, స్థలం ముఖ్యం. 2015లో రాజధాని భూసమీకరణలో పొలమిచ్చి ప్లాటు కోసం కూర్చున్న మా చుట్టం ఒకాయన, "తొక్కుడుబిళ్ళలో నాకు ఇంతకంటే తొందరగా గడొచ్చేదిరా" అన్నాడు.

వానాకాలం ఈ గీతలు నిలవవు కాబట్టి కుంటాట. దొంగ ఒంటికాలితో గెంతుతూ మిగతావాళ్ళను పట్టుకోవాలి. రేగడిలో పది అడుగులు వేస్తే కాలికి కిలో మట్టి అంటుకుని చెప్పులా తయారవుతుంది. ఒక్కోసారి దొంగ గెంతితే మనిషి ముందుకు పోయేవాడు, కాలు వెనకే ఉండిపోయేది.

పత్తి తొక్కుడు సంగతి మావాడికి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. పత్తి తీతలు మొదలయ్యాక ఇంట్లో మంచి గది ఒకటి ఖాళీ చేసి అందులో పోసేవాళ్ళు. ధర వచ్చేదాకా గది పత్తిది, వసారా మాది. అమ్మేరోజు బోరేలకెత్తాలి. పత్తి ఉత్త గాలిసరుకు. బోరెంలో పోస్తే నిండినట్టే కనపడుతుంది, కాటాకి పెడితే ఏమీ ఉండదు. కాబట్టి లోపలికి దిగి తొక్కాలి. పెద్దవాళ్ళు దిగితే కూలి అడుగుతారు. అందుకని మా బాబాయి, ఎవరి బోరెం ముందు నిండుతుందో పందెమని పిల్లల్ని దింపేవాడు. దిగగానే మెడ దాకా మునిగిపోతాం. తొక్కేకొద్దీ పైన పత్తి పోస్తుంటారు, మనం లేస్తుంటాం. కాసేపటికి భుజాలు, ఇంకాసేపటికి నడుం. కిందివాళ్ళను తొక్కకుండా మనిషి పైకి రావడం నేను చూసింది ఆ బోరెంలోనే. ముక్కు నిండా పీచు, వీపంతా దురద. గెలిచినవాడికి బెల్లం ముక్క ఇచ్చేవాడు. ఓడినవాడికీ బెల్లం ముక్కే. పందెం ఎందుకు పెట్టాడో తెలిసిరావడానికి నేను సొంతంగా వ్యవసాయం చేసి కూలీలకు డబ్బులివ్వాల్సి వచ్చింది.

ఇక 1986 సంక్రాంతి.

కనుమ నాడు మా యువజన సంఘం పోటీలు పెట్టింది. ఆడవాళ్ళకు ముగ్గులు, ఎడ్లకు బండలాగుడు, ఏ పనీ లేని మాకు గోనెసంచి పరుగు. బహుమతి స్టీలు బకెట్. సంచులు తెచ్చే పని సంఘం కార్యదర్శికి అప్పజెప్పాం. పైసా ఖర్చు లేకుండా పనులు చేయిస్తాడని వాడికి పేరు. ఎరువుల సంచులు కురచైపోయాయి. వడ్ల సంచులు ఎలకలు కొట్టేశాయి. దాంతో ఎవరి కొట్టంలోంచో కిందటేడు మిరపకాయలు పట్టిన టిక్కీలు పన్నెండు పట్టుకొచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. నలభై కిలోల పైచిలుకు కాయను అదిమి కూరతారు. కాయ అమ్ముడుపోతుంది. పొడీ, పొట్టూ, గింజా గోనె పోగుల్లో అలాగే ఉండిపోతాయి. కార్యదర్శి వాటిని దులిపానన్నాడు. ఎటువైపు దులిపాడో అడగలేదు.

నిక్కర్లలో పన్నెండు మందిమి సంచుల్లోకి దిగి నడుం దాకా లాక్కున్నాం. ఈల పడింది. మొదటి పది గజాలు బ్రహ్మాండంగా ఉంది. పిక్కల దగ్గర చురుక్కుమంటే గోనె గరుకేమో అనుకున్నాను. ఇరవై గజాల దగ్గర నా పక్కవాడు తుమ్మాడు. రెండు కాళ్ళూ గాల్లో ఉండగా తుమ్మితే మనిషి ఎక్కడ దిగుతాడో చెప్పలేం. వాడు నా గీతలో దిగాడు. అప్పటికి ఒళ్ళు చెమట పట్టింది. చెమట పట్టేసరికి కారం పని మొదలెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఒళ్ళుమండి కోపం రావడమని మా తెలుగు మాస్టారు చెప్పారు. నెత్తికెక్కే దారిలో అది మధ్యలో ఎక్కడ మజిలీ చేస్తుందో ఆయన చెప్పలేదు.

జనం మాత్రం అంతెత్తు గెంతుళ్ళు ఎన్నడూ చూడలేదు. ఒకటే ఈలలు. మైకు ముందున్న పెద్దమనిషి "చూడండి మన యువకుల పట్టుదల" అంటున్నాడు. నేను చివరి గీత దాటాను. దాటి ఆగలేదు. ఎవడూ ఆగలేదు. సంచులు అక్కడే వదిలేసి, కాలుగాలిన పిల్లుల్లాగా పన్నెండు మందిమీ చెరువు వైపు కాళ్ళకు బుద్ధి చెప్పాం.

పప్పులో కాలేసింది అక్కడే. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళకు లొంగదు. నూనెలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. నీళ్ళు పోసి రుద్దితే పోకపోగా చుట్టుపక్కలకు పాకుతుంది. మోకాళ్ళ దగ్గరున్న మంట చెరువులో దిగాక ఎక్కడెక్కడికి వెళ్ళిందో రాయను, ఇంటిల్లిపాదీ చదువుకునే వ్యాసం ఇది. ఏటా కల్లంలో తాలుకాయలు ఏరే ముసలమ్మ ఒకామె గట్టు మీద నిలబడి మమ్మల్ని కాసేపు తీరిగ్గా చూసి, "ఓరి సన్నాసుల్లారా, నీళ్ళు కాదురా, ఆముదం రాసుకోండి, పెరుగు పూసుకోండి" అని అరిచింది. కనుమ నాడు మినుము తినాలని ఊళ్ళో ప్రతి ఇంట్లో గారెలు వండి, ఆవడలకని పెరుగు తోడేసి ఉంచారు. ఆ పెరుగంతా మా కాళ్ళ పాలైంది. ఆవడలు లేకుండా కనుమ గడిపిన మా పెదనాన్న ఉగాది దాకా నాతో మాట్లాడలేదు.

బకెట్ ఎవరికీ ఇవ్వలేదు. ముందు ఎవరు దాటారో చూడాల్సినవాళ్ళు కూడా ఆ సమయానికి తుమ్ముతున్నారట. అది ఇప్పటికీ కార్యదర్శి ఇంట్లోనే ఉంది.

అంతకు ముందేడు మూడుకాళ్ళ పరుగు పెట్టి కూడా ఇలాగే చేతులు కాల్చుకున్నాం. చీటీలు తీసి జతలు కడితే, గట్టు తగాదాతో కోర్టుకెక్కిన ఇద్దరు దాయాదుల పిల్లలు ఒక తువ్వాలుకి వచ్చారు. మూడడుగులు వేసి పడ్డారు. పడ్డచోటే కొట్టుకున్నారు. కాళ్ళు కట్టేసి ఉన్నాయేమో, విడదీయడానికి ఎవరి వల్లా కాలేదు.

అంతా విని మావాడు ఖో-ఖో పెడితే ఎలా ఉంటుందన్నాడు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖో-ఖో ప్రపంచకప్ జరిగితే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ నేపాల్‌ను ఓడించి కప్పు తెచ్చారు కదా, దానికిప్పుడు మంచి పేరుందన్నాడు. పేరుంది నిజమే. కాని ఎనిమిది మంది గొంతుకూర్చోవాలి. పదేళ్ళు కుర్చీలో కూర్చున్నవాళ్ళు గొంతుకూర్చుంటే "ఖో" అనగానే లేవరు, ఇద్దరు పట్టి లేపాలి. వద్దన్నాను.

చివరికి కాళ్ళాగజ్జి, గోనెసంచి పరుగు ఖాయం చేశాడు. అక్కడ గోనెసంచులు దొరకడం లేదంటే ముప్ఫై సంచులు నేనే కొని పార్సిల్ చేశాను. కొత్తవి. బిల్లు కూడా అందులోనే పెట్టాను, డబ్బులు ఇంకా రాలేదు. ఔటింగ్ అయిన రాత్రి మెసేజ్ పెట్టాడు. పరుగులో నలుగురు పడ్డారట, దెబ్బలేం లేవట. కాళ్ళాగజ్జిలో దొంగ వాడేనట.

ఈ సంక్రాంతికి మీరెవరైనా మా వైపు వచ్చి గోనెసంచి పరుగుకు పేరిస్తే, సంచిలో కాలు పెట్టే ముందు తల పెట్టి ఒకసారి వాసన చూడండి. తుమ్మొస్తే ముగ్గుల పోటీలో చేరండి.