పూర్తి నిడివి

'బాహుబలి' రెండు భాగాలనీ కలిపి ఒకే సినిమాగా విడుదల చేస్తారని విన్న రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. పీటర్ జాక్సన్ 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్'ని 2003లో 201 నిమిషాలతో హాళ్ళకు పంపాడు. ఆ మరుసటి ఏడు ఇళ్ళలో చూసుకోవడానికి 251 నిమిషాల కూర్పు తెచ్చాడు. హాల్లో చూపించని సరుమాన్ చావు అందులో ఉంది. రాజమౌళి కూడా అలాగే దాచిన షాట్లన్నీ బయటికి తీస్తాడనుకున్నాను.

ఆ షాట్లలో మా అన్న ఉన్నాడు.

మా పెద్దమ్మ కొడుకు. కె.కోటపాడు నుంచి సెట్ల పనికని హైదరాబాద్ వెళ్ళాడు. ఆరడుగుల మనిషి కావడంతో, రామోజీ ఫిల్మ్ సిటీలో కాలకేయులతో యుద్ధం తీసేటప్పుడు మాహిష్మతి సైన్యంలో నిలబెట్టారు. శిరస్త్రాణం కింద మొహం ఆనదు. అయినా మాకు తెలుస్తుంది. అన్నది ఎడంచేతి వాటం. చుట్టూ అందరి కత్తులూ కుడిచేతుల్లో ఉంటే, ఒక్క కత్తి ఎడంచేతిలో పరిగెత్తుకుంటూ వస్తుంది. కడుపులో ఈటె దిగుతుంది. మోకాళ్ళ మీద పడతాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడివడి కత్తి జారిపోతుంది. అంతే. "ఇంకా బోలెడు తీశార్రా, నడిచేవీ అరిచేవీ" అనేవాడు.

2015 జూలైలో చోడవరం హాల్లో పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. ఈటె దిగగానే "ఓలమ్మో!" అని కేక పెట్టింది. అన్న నవ్వుతూ ఆవిడ చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. "ఇదిగో సూడు, ఏటీ అవలేదు."

2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేనాటికి అన్న లేడు. సబ్బవరం రోడ్డు మీద లారీ గుద్దేసింది.

ఫొటోలో అన్న కదలడు. ఆ షాట్‌లో కదులుతాడు. అందుకే దాన్ని ఫోన్లో పెట్టుకున్నాను. దినకార్యానికి వచ్చిన చుట్టాలకు చూపించాను. పండక్కి వచ్చిన అల్లుళ్ళకు చూపించాను. సరిగ్గా కనబడలేదన్నవాళ్ళకు మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. టీవీలో ఆ సినిమా వస్తే, యుద్ధం దగ్గర ఇంట్లో అందరినీ పిలిచేవాణ్ణి. పెద్దమ్మ మాత్రం ఆ వేళకి గేదెకు గడ్డి వెయ్యాలని పెరట్లోకి వెళ్ళిపోయేది.

కొత్త కూర్పు 2025 అక్టోబర్ 31న వచ్చింది. విడివిడిగా చూస్తే దాదాపు ఐదున్నర గంటల కథ, 3 గంటల 45 నిమిషాలకు దిగింది. అవంతిక ప్రేమకథ, కొన్ని పాటలు, యుద్ధంలో కొంత తీసేశామని దర్శకుడే చెప్పాడు. కథ పరుగందుకుందని మెచ్చుకున్నవాళ్ళున్నారు, నిజమే కావచ్చు. అంత పెద్ద యుద్ధంలో ఏ మూలన ఎవరి ఇంటి మనిషి ఉన్నాడో అని నా గుండె పీకింది.

నేనొక్కణ్ణే వెళదామనుకుంటే పెద్దమ్మ తనూ వస్తానంది. బస్సెక్కి వైజాగ్ వెళ్ళాం. త్రిశూల వ్యూహం కదిలింది. ఎడంచేతి కత్తి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇక ఈటె దిగాలి. దిగలేదు. తెర మీదకి ఏనుగులొచ్చాయి, రథాలొచ్చాయి, యుద్ధం ముందుకెళ్ళిపోయింది.

బయటికొచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. "అన్నది సగం కోసేశారు పెద్దమ్మా" అన్నాను.

పెద్దమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏడకు నాయినా. ఆ బాబులెవులో పున్నెం కట్టుకున్నారు. నా గుంటణ్ణి సంపకుండా ఒగ్గీసినారు. ఇన్నేళ్ళూ నువ్వే కదరా, ఆణ్ణి ఎనక్కి తిప్పి తిప్పి సంపీవోడివి."