చేప పోయిందా? దిష్టి పోయినట్టే!

తెనాలిలో గానీ బాపట్లలో గానీ రేపల్లెలో గానీ కొత్త ఇల్లు కట్టి, హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టించి, నాలుగో రోజుకల్లా చేపను పోగొట్టుకున్న గృహస్థుకు దొరికే ఓదార్పు ఒకటే: "బాధపడకండి సార్, మీ ఇంటి మీదున్న దిష్టంతా అది పట్టుకుపోయింది." ఇంత లాభసాటి వేదాంతం ఇంకే వ్యాపారానికీ లేదు. మిక్సీ కాలిపోతే గ్యారంటీ కార్డు తీస్తాం. చేప చస్తే దండం పెట్టుకుని ఇంకో జత తెచ్చుకుంటాం. ఇంటికి ఎంత దిష్టి ఉంటే షాపుకి అంత బేరం.

ఆ చేపకు పోస్టుమార్టం చేసేవాళ్లు ఎటూ లేరు, మనమే చేద్దాం. నీలం డామ్‌సెల్‌నో, నారింజ ఒంటి మీద తెల్లచారల క్లౌన్‌ఫిష్‌నో (2003లో సినిమా వచ్చినప్పటినుంచి పిల్లలకు అది నీమోయే) కొత్త ట్యాంకులో వదిలారు. అది తిన్నది, విసర్జించింది, మొప్పల్లోంచి అమోనియా వదిలింది. సముద్రంలో అయితే ఆ అమోనియా జాడ కూడా ఉండదు. మూడడుగుల గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? పైగా ఉప్పునీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియా విషం ఎక్కువవుతుంది. రెండో రోజుకి చేప పైకొచ్చి గుటకలు వేస్తుంది. ఫోన్ చేస్తే, "మిమ్మల్ని గుర్తుపడుతోంది సార్" అంటాడు షాపతను. నాలుగో రోజుకి దిష్టి కార్యక్రమం పూర్తి.

ఆ అమోనియాను తినేసే బ్యాక్టీరియా ఉంది. ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. దాన్ని చేప చాలావరకు తట్టుకుంటుంది, మిగిలింది కొంత నీరు మార్చి మనం తగ్గించుకోవచ్చు. రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే ఈ బ్యాక్టీరియాను పట్టుకుని లోకానికి చూపించాడు. పొలంలో యూరియా ఏమవుతుందో చెప్పే పాఠమూ ఇదే. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లకు ఇది కొత్త విషయం కాదు. చిక్కల్లా ఒక్కటే, ఆ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజికీ రాళ్లకీ ఇసుకకీ పట్టుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. అక్వేరియం భాషలో ట్యాంకు 'సైకిల్' అవడం అంటే ఇదే. మన షాపుల్లో మాత్రం సైకిల్ స్విచ్ బోర్డులో ఉంటుంది: "ఫిల్టర్ ఆన్ చేశాం సార్, ఇక వదిలేయొచ్చు."

అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇంకోటుంది. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద బతికే ఊళ్లెన్నో ఉన్నాయి. అక్కడి రైతు నీళ్లు తయారు కాకుండా సీడు (రొయ్యపిల్లలు) వదలడు. తవుడూ బెల్లమూ ఈస్టుతో పులియబెట్టి పోస్తాడు, నీటి రంగు చూస్తాడు, ఉప్పదనం చూస్తాడు. సీడు వదిలాక అమోనియా, నైట్రైట్ పరీక్షలకు ల్యాబు చుట్టూ తిరుగుతాడు. ఏరియేటర్ ఆగితే అర్ధరాత్రి జనరేటర్ దగ్గర నిలబడతాడు. అదే మనిషి తెనాలిలో ఇల్లు కట్టగానే ఉదయం ట్యాంకు నింపించి, సాయంత్రం చుట్టాలొచ్చేసరికి చేపలు ఆడాలంటాడు. చెరువులో రొయ్యకు నీళ్లు ముహూర్తం పెడతాయి. హాల్లో చేపకు పంతులుగారు పెడతారు.

ఇక ఆ నీళ్ల వైభోగం. కొందరు చినగంజాం ఉప్పు బస్తా తెచ్చి కుళాయి నీటిలో కలిపి సముద్రం తయారైందంటారు. కొఠార్లలో ఉప్పు గడ్డకట్టేలోపే కాల్షియం చాలావరకు అడుగున పేరుకుపోతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీటితో బయటికి పోతుంది. మిగిలేది ఉప్పు, ఆవకాయకు దివ్యంగా ఉంటుంది. ఇంకొందరు సూర్యలంకకు ఆటో కట్టించుకుని క్యాన్లతో అసలు సముద్రాన్నే మోసుకొస్తారు, ఒడ్డున కలిసిన బురదతో సహా. కృష్ణకు వరదొచ్చిన రోజుల్లో ఈ తీరంలో ఉప్పదనం పడిపోతుందని వేటకు పోయేవాళ్లందరికీ తెలుసు, క్యాన్ పట్టినవాడికి తప్ప. అంతా సరిగ్గా తెచ్చారే అనుకుందాం, నీటితోపాటు బ్యాక్టీరియా దండు సిద్ధంగా రాదు.

ఎలాగో నాలుగు వారాలు నిలిచిన ట్యాంకుకు ఆదివారం గండం. శుభ్రత పేరుతో నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండుతారు. క్లోరిన్ నీటికి అప్పటిదాకా పెరిగిన బ్యాక్టీరియా కాస్తా పోతుంది. మళ్లీ మొదటికి. సీసాలో అమ్మే బ్యాక్టీరియా ఉంది కదా అంటారా? బతికున్న సరుకైతే పనికొస్తుంది. మే నెలంతా రేకుల షెడ్డులో ఉడికిన సీసాలో బతికేదేమిటో మీరే ఊహించండి.

చేయవలసింది మన వైపు ఎవరికైనా చేతనయ్యేదే. చేపలేని ట్యాంకులో ఓ పచ్చిరొయ్య ముక్క వేసి కుళ్లనివ్వాలి. అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, రెండూ సున్నాకి దిగుతాయి. టెస్ట్ కిట్‌లో ఆ సున్నాలు చూశాకే చేప, అదీ ఒకటో రెండో. తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి కాస్త స్పాంజి తెచ్చి పెడితే పాలకు తోడుపెట్టినట్టు త్వరగా అందుకుంటుంది. అక్కడి చేపలకు రోగం లేదని మాత్రం చూసుకోవాలి. ఈ నెలరోజులూ వచ్చినవాళ్లంతా "చేపలేవండీ?" అని అడుగుతారు. అంత లక్షలు పోసిన ఇంట్లో ఖాళీ నీళ్లు చూపించుకోవడం పరువు తక్కువే, ఒప్పుకుంటాను. ఆ పరువు కోసమే పదేళ్లు దాటి బతకగల క్లౌన్‌ఫిష్‌ను నాలుగు రోజుల్లో చంపుకుంటున్నాం.

అందుచేత ట్యాంకు కొనబోయే పెద్దలకు ఒక మనవి: "ఇవాళ చేప ఇవ్వను, నెల పోయాక నీళ్లు సీసాలో పట్టుకుని రండి, చూసి ఇస్తాను" అనే షాపు ఎక్కడైనా కనబడితే, బేరమాడకుండా అక్కడే కొనండి.