రేగడి నేలలో ఇల్లు కడుతున్నారా? ఈ సలహాలు వినకండి

స్థలం కొన్న రోజు నుంచీ సలహాలు మొదలవుతాయి. బావమరిది ఒకటి చెబుతాడు, మేస్త్రీ ఒకటి చెబుతాడు, పక్క ప్లాటాయన ఇంకోటి. నేల ఎర్రదో మొరందో అయితే వాటివల్ల పెద్ద హాని ఉండదు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్, తాండూరు వైపు నల్లరేగడిలో కట్టేవాళ్లు అవే మాటలు నమ్మితే మాత్రం ఇంటి అప్పు తీరకముందే గోడలు బీటలు వారతాయి. చాలామంది జీవితంలో కట్టేది ఒక్క ఇల్లే. అందుకే ఈ సలహాల సంగతి గట్టిగా చెప్పదలిచాను.

"గడ్డపార దిగట్లేదండీ, ఇంతకంటే గట్టి నేల ఎక్కడ దొరుకుతుంది?" ఇది మే నెల మాట. రేగడి ఎండితే గట్టిపడుతుంది, ఆ గట్టిదనం తొలకరి దాకానే. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పలచని పొరల మధ్యకు నీరు దూరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కేయోలినైట్ పొరల మధ్యకు నీరు అలా చొరబడలేదు. కొనేముందు స్థలాన్ని ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడండి.

"ఒక్క అంతస్తే కదా, దానికి అంత పునాది ఎందుకు?" నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. బరువు తగ్గితే నేలకు భారం తగ్గుతుందన్న లెక్క మొరం నేలలో సరిపోతుంది. రేగడిలో నేలే ఇంటిని పైకి తోస్తుంది. ఆ తోపును అణచిపెట్టేంత బరువు చిన్న ఇంటికి ఉండదు. రేగడి ఊళ్లలో ప్రహరీలు, వరండాలు, ఒంటిగది ఇళ్లు తొందరగా పగిలేది అందుకే. ఇంట్లో తేలికైనది గచ్చు కాబట్టి అది ముందు లేస్తుంది. తలుపులు పట్టేస్తాయి. వడ్రంగిని పిలిచి అంచులు చిత్రిక పట్టిస్తారు, వేసవి వచ్చేసరికి అక్కడే సందు తేలుతుంది. ఉబ్బడం అంతటా సమానంగా ఉంటే ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగేది. కానీ ఇంటి నడిమధ్య కింద మట్టికి ఎండ తగలదు, అక్కడ తేమ నిలకడగా ఉంటుంది. అంచుల్లో మట్టి తడుస్తూ ఆరుతూ ఉంటుంది. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు ఈ తేడావల్ల వచ్చేవే. వాటికి సిమెంటు పూసి రంగు వేయించడం డబ్బు దండగ.

"పక్కాయన నాలుగడుగులు తీశాడు, మనమూ అంతే తీద్దాం." రేగడిలో వానకు, ఎండకు తేమ మారే లోతు చాలాచోట్ల మూడు మీటర్ల దాకా ఉంటుంది. నాలుగడుగుల పునాది ఆ కదిలే మట్టిలోనే కూర్చుంటుంది. ఈ చిక్కు కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల్లో అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని మన నేలలకు తగ్గట్టు తయారుచేసింది. సన్నని గొయ్యిని కదలని మట్టి దాకా దించి, అడుగున దానికి సుమారు రెండున్నర రెట్ల వెడల్పున గుండ్రంగా తొలిచి, కాంక్రీటు పోస్తారు. పైమట్టి ఉబ్బి లాగినా అడుగున పట్టు వదలదు. పైల్స్‌ను కలిపే బీముకీ నేలకీ మధ్య ఖాళీ వదలాలి. ఆ ఖాళీని మట్టితో పూడ్చబోయే మేస్త్రీని అక్కడికక్కడే ఆపండి.

"రేగడి తీసేసి ఇసుక పోయండి, సరిపోతుంది." సరిపోదు. ఇసుక నీటిని ఆపదు, వాననీటిని నేరుగా కింది రేగడికి చేరుస్తుంది. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఏళ్లతరబడి పరిశోధించి, బంకదనం ఉండి ఉబ్బని మట్టిని పొరగా వేస్తే కింది రేగడి ఉబ్బు అదుపులో ఉంటుందని చూపించారు. రేగడిలో తవ్వే కాలువలకు సంబంధించిన ఐఎస్ 9451 ప్రమాణంలోనూ ఈ పద్ధతి ఉంది. పరీక్షలో ఉబ్బదని తేలిన బంకమొరం తెచ్చి, పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి.

"ఇనుము రెండింతలు వేయిస్తే ఏమీ కాదు" అంటారు. తప్పు లోతులో నిలిచిన పునాదిని ఇనుము కాపాడలేదు.

గోడ పక్కనే పెద్ద చెట్టు, పునాది మొదట్లో నీళ్లు పోసే డాబా గొట్టం, కారే సెప్టిక్ ట్యాంకు, ఈ మూడూ ఇంటికి దూరంగా ఉండాలి. గోడల చుట్టూ బయటికి వాలుగా సిమెంటు గచ్చు చేయించండి.

ఇక "మట్టి పరీక్ష దండగ" అనేవాళ్లు. ఉబ్బు పరీక్ష చాలా సులువు. జల్లించి ఆరబెట్టిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాన్లో నీళ్లు, రెండోదాన్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో మట్టి దానికంటే 50 శాతం మించి పెరిగిందంటే మామూలు పునాది మాట మరిచిపోవాలి. సివిల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు ఈ పరీక్ష చేస్తాయి. దయచేసి ముగ్గు పోయించకముందే చేయించండి, ఆ కాగితం ఇంజనీరు చేతికిచ్చాకే మేస్త్రీతో బేరం మాట్లాడండి.